ఎదురొచ్చే ఆవిడ

పందెం ఉన్న రోజు కుసుమ గుమ్మం దాటే ముందు వాళ్ల నాయనమ్మ పక్కింటి పార్వతమ్మను కేకేసేది. పార్వతమ్మ నిండు బిందె చంకనెత్తుకుని వీధి చివరికి వెళ్లి, అక్కణ్నుంచి నవ్వుకుంటూ ఎదురొచ్చేది. నాయనమ్మ మాత్రం ఆ సమయానికి తలుపు వెనక్కి వెళ్లిపోయేది. తాత పోయిన మనిషి కదా, శుభమా అని బయల్దేరే పిల్లకు తను ఎదురు పడకూడదని ఆవిడ భయం. తలుపు సందులోంచి ఒక కన్నూ, కాసిని తెల్ల వెంట్రుకలూ కనిపించేవి. కుసుమ పార్వతమ్మను చూసుకుని పరుగుకి వెళ్లేది. గెలిచేది కూడా. మండలంలో గెలిచింది, జిల్లాలో గెలిచింది. ఎదురొచ్చిన మనిషిని బట్టే రోజు నడుస్తుందని ఆ పిల్లకు గట్టి నమ్మకం కుదిరిపోయింది.

విశాఖపట్నంలో ఎదురొచ్చే మనిషిని ఎంచుకునే వీలు లేదు.

పలాస అవతల పల్లెటూరి నుంచి కుసుమ ఆ వేసవిలో కంచరపాలెంలో ఉన్న పిన్ని నరసమ్మ ఇంటికి వచ్చింది. క్రీడా పాఠశాల వాళ్లు మూడు కిలోమీటర్ల పరుగుకి పిల్లల్ని ఎంపిక చేస్తున్నారు. సీటు వస్తే ఇంటర్ చదువు, తిండి, బూట్లు, పడక అన్నీ వాళ్లవే. రాకపోతే పదో తరగతితో చదువు సరి, ఇంటికెళ్లి అమ్మ పక్కన కూర్చుని జీడిపిక్కలు కొట్టడమే. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. అనకపోయినా కుసుమకు తెలుసు.

ఊళ్లో పరుగంటే పొలం గట్టు, చెరకు తోటల మీదుగా వచ్చే గాలి. ఇక్కడ తెల్లారకముందే తడి గోనెసంచి తలమీద కప్పినట్టుండేది. చెమట పట్టేదే గాని ఆరేది కాదు. చుట్టూ కొండలుండటాన రాత్రి లేచిన పొగా దుమ్మూ పైకి పోలేక సందుల్లోనే ఉండిపోయేవి. ఒక సందులో హాయిగా ఉన్న గాలి పక్క సందులో గొంతు పట్టుకునేది. ఏ సందులో ఏముందో కంటికి కనబడేది కాదు.

"ఈ ఊళ్లో పరిగెట్టడం గొప్ప కాదమ్మా, ఎక్కడ పరిగెట్టకూడదో తెలవడం గొప్ప" అన్నారు తాతారావు మాస్టారు, ఆమెకు పరుగు నేర్పే ఆయన. మొదటివారమే తన పిల్లలందరినీ కొండవాలు మీదున్న ఒక పరిశోధనశాలకు తీసుకెళ్లారు. అక్కడ బ్లెస్సీ అనే అమ్మాయి అందరి చేతులకూ తలా ఒక పట్టీ కట్టింది. పట్టీ మధ్యలో చింతగింజంత బొడిపె ఉంది. దాన్ని ఊళ్లో అందరూ పిట్ట అనేవాళ్లు.

"గాలి బాగున్న దారైతే పిట్ట చల్లగా తగుల్తాది" అంది బ్లెస్సీ. "బాగోకపోతే రెక్కలు కొట్టుకున్నట్టు గిలగిల్లాడతాది. అసలేం చెయ్యకుండా మొద్దులా పడుందనుకోండి, ఆ దారికి ఇంకా ఎవరూ ఎళ్లి రాలేదని అర్థం. పడుకున్న పిట్టని మాత్రం నమ్మకండి."

"స్తంభాల మీద గాలి కొలిచే డబ్బాలున్నాయి కదండీ, అవి చాలవా?" అని అడిగాడు ఎవరో.

"డబ్బా గాలి పీలుస్తాది గాని ఆయాసపడదు కదా. ఈ ఉక్కలో, ఈ దుమ్ములో పరిగెట్టేవాళ్ల ఊపిరికి ఏమవుతాదో ఆయాసపడేవాళ్లకే తెలస్తాది. మా మేడమ్ సాలెగూడు కన్నా పల్చటి జాలీ ఒకటి చేశారు. దాన్ని మనిషి ఊపిరిగొట్టంలో పెడతారు. ఆ మనిషి పరిగెత్తిన దారిలో జాలీకి ఏది తగిలితే అది ఈ పిట్టలన్నిటికీ తెలిసిపోతాది. ఎలకలతో చూశాం, పంపులతో చూశాం. కుదరలేదు. మనిషే కావాల."

"ఎవరా మనిషి?"

బ్లెస్సీ పట్టీ బిగిస్తూ ఒక మూసిన తలుపు వైపు చూసింది. తలుపు వెనక ఎవరో దగ్గారు. "ఉన్నార్లే ఒకరు" అని మాట మార్చేసింది.

కుసుమ ఏమీ అడగలేదు. కొత్తవాళ్ల ముందు ఆమెకు నోరు పెగలదు. అడగవలసినవన్నీ పడుకోబోయేముందు మనసులో అడుగుతుంది.

మర్నాటి నుంచి పిట్ట చెప్పిన దారినే పరుగు. రైలు గేటు దగ్గర ఎడమకు తిరిగితే పిట్ట గిలగిల్లాడేది, కుడికి తిరిగితే మణికట్టు మీద మంచినీళ్లు పోసినట్టుండేది. గొంతు మండేది కాదు. ఇంత పెద్ద ఊళ్లో తన కోసం ఎవరో మంచి గాలి ఏరి పెట్టినట్టనిపించి కుసుమకు ముచ్చటేసేది.

ఒక్కటే చిక్కు వచ్చింది. కొండవాలు దారి మలుపులో రోజూ ఒక ఆవిడ ఎదురొచ్చేది. యాభై దాటిన మనిషి. చెమటకు తడిసి ఒంటికి అంటుకున్న చొక్కా, నెరిసిన జుట్టు, బొట్టు లేని నుదురు. పరుగులాంటి నడక, నడకలాంటి పరుగు. మలుపు తిరగ్గానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గేది. కుసుమను చూసి నవ్వబోయేది, నవ్వు కూడా దగ్గులోకే పోయేది.

కుసుమ ఇంటికెళ్లి పిన్నితో చెప్పింది.

"ఒలమ్మా, బొట్టు నేదా? దగ్గుకుంటా వొస్తందా?" నరసమ్మ చేతిలో పని ఆపేసింది. ఆవిడ రొయ్యల కంపెనీకి పోతుంది, తొందరగా బయల్దేరాలి. అయినా ఆగింది. "రోజూ అదే ఎదురేటే? సీటు కోసం పరిగెడతన్నావు, సంబరానికి కాదు. ఎదురొచ్చిందనుకో, బేగి పక్కన కూసోని రెండు గుక్కలు నీళ్లు తాగీసి మళ్లీ మొదలెట్టు. దోసం పోద్ది."

కుసుమ అలాగే చేసింది. ఆవిడ కనిపించగానే కల్వర్టు గోడ మీద కూర్చునేది, తల దించుకుని నీళ్లు తాగేది. ఆవిడ దాటి వెళ్లాక లేచేది. అప్పటికి కాళ్లు చల్లబడిపోయేవి. ఒకరోజు ఆవిడ ఆగి, "ఆయాసమా అమ్మా?" అని కూడా అడిగింది. కుసుమ అడ్డంగా తలూపి మొహం తిప్పేసుకుంది.

తాతారావు మాస్టారు గడియారం చూసుకుని తల గోక్కునేవారు. "మొదలు బాగుంది, చివర బాగుంది. మధ్యలో ఎక్కడో టీ తాగుతున్నావేటమ్మా?" పిల్లలందరూ నవ్వారు. కుసుమ కూడా నవ్వినట్టు మొహం పెట్టి, బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగింది.

ఎంపిక రోజు దగ్గరపడింది. మాస్టారు నవ్వడం మానేశారు. "ఈ టైముకి సీటు రాదు కుసుమా" అన్నారు, పక్కకి పిలిచి, మెల్లగా. ఆ మాట ఆమెకు రాత్రంతా గుచ్చుకుంది. నీళ్లు తాగడానికి ఆగితే సీటు పోతుంది. ఆగకపోతే శకునం పోతుంది. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉందని తెల్లవారుజామున తట్టింది. మలుపుకి కొంచెం ముందు, మూతపడ్డ పాత ఐసు ఫ్యాక్టరీ పక్కన ఒక సందుంది. అందులోంచి వెళ్తే ఆవిడ కంట పడకుండా అవతల తేలవచ్చు.

ఆ సందు మొదట్లో పిట్ట పడుకుంది. చల్లగానూ లేదు, గిలగిల్లాడనూ లేదు. బ్లెస్సీ మాట గుర్తొచ్చింది. కాని మలుపు వైపు నుంచి అప్పుడే దగ్గు వినిపించింది. ఇంతే దూరం కదా అనుకుని కుసుమ సందులోకి పరిగెత్తింది.

ముందు రాత్రి ఎవరో ఆ గోడల మధ్య రాగి కోసం కరెంటు తీగలు కాల్చారు. మంట ఎప్పుడో ఆరిపోయింది. కాలిన రబ్బరు పొగ మాత్రం పైకి పోయే దారి లేక, ఉక్కకు బరువెక్కి, సందు నిండా కూర్చుంది. కంటికి పల్చటి మంచులాగే ఉంది. సగం దూరం వెళ్లాక కుసుమకు ఊపిరి లోపలికి పోవడం మానేసింది. నోరు తెరిచింది. తెరిచిన కొద్దీ లోపల ఎవరో తలుపులు వేసుకుంటూ పోతున్నట్టుంది. గోడ పట్టుకుంది, మోకాళ్ల మీద కూలింది. అమ్మా అందామన్నా గాలి లేదు.

వెనక నుంచి అడుగులు వినిపించాయి. చంకల కింద ఎవరో చేతులు వేసి ఎత్తారు. "లే తల్లీ, లే. ముక్కుకి గుడ్డ పెట్టుకో. నడు, నా మీద వాలి నడు." ఆ గొంతు మధ్య మధ్య తెగిపోతోంది. తడి చొక్కా ఒకటి చెంపకి తగిలింది. సందు చివర వెలుతురులోకి వచ్చాక కుసుమ కళ్లు తెరిచి చూసింది. తన మొహం మీదికి వంగి ఉన్నది బొట్టు లేని నుదురే.

అదే క్షణాన చేతి మీద పిట్ట మేలుకుని గిలగిల కొట్టుకుంది. ఊళ్లో పరుగెత్తుతున్న ప్రతివాళ్ల చేతి మీదా అదే సందు గురించి కొట్టుకుంది. కుసుమకు అది అర్థమయ్యేలోపే ఆవిడ రోడ్డు మీద కూర్చుండిపోయింది. గుండె మీద చెయ్యి వేసుకుని, దగ్గడానికి కూడా శక్తి చాలక, అలాగే పక్కకు ఒరిగింది.

కుసుమను ఆసుపత్రి నుంచి మర్నాడే పంపేశారు. ఆవిణ్ని పంపలేదు.

వరండాలో బ్లెస్సీ కనిపించింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "మా వనజాక్షి మేడమ్" అంది, కుసుమ అడక్కుండానే. "జాలీ చేసిందీ ఆవిడే, లోపల పెట్టించుకున్నదీ ఆవిడే. ఇంకొకర్ని అడగడానికి ఆవిడకి మనసొప్పలేదు. రోజూ మంచి దారులు ముందు పరిగెట్టేవారు, అనుమానం ఉన్నవి తర్వాత. ఆ ఐసు ఫ్యాక్టరీ సందు అన్నిటికన్నా చివర. ఊపిరి మిగిలితే ఎళ్లేవారు, లేకపోతే ఆ సందుని పడుకోనిచ్చేవారు. ఆ రోజు మిగల్లేదు. నిన్ను చూసి ఎళ్లారు."

కుసుమ గోడకి ఆనుకుంది.

"జాలీ తీసేశారు. ఊపిరితిత్తులు ఇంక దానికి తట్టుకోవంట. పరుగు మాట మర్చిపోవాలంట" అంది బ్లెస్సీ. "అసలు పడుకున్న సందులోకి ఎందుకెళ్లావమ్మా నువ్వు?"

ఆ జవాబు మేడమ్‌కే చెప్పాలని కుసుమ లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడింది. డాక్టర్ వనజాక్షి ముక్కుకి గొట్టం ఉంది. కళ్లు మాత్రం మలుపులో చూసినప్పటిలాగే నవ్వబోతున్నాయి.

"మీరు ఎదురొస్తన్నారని మేడమ్" అంది కుసుమ. జీవితంలో ఆమె అంత పెద్ద మాట ఎవరి ముందూ అనలేదు. "బొట్టు లేదని. అందుకే రోజూ కూర్చుని నీళ్లు తాగేదాన్ని. ఆ రోజు తప్పించుకుందామని సందులోకి ఎల్లిపోయాను."

వనజాక్షి భుజాలు కదిలాయి. దగ్గు వస్తోందేమోనని కుసుమ భయపడింది. కాదు, నవ్వుతోంది.

"నీకు ఆయాసం జబ్బేమో అనుకున్నాను. నీ కోసం ఆ మలుపు గాలి రోజూ రెండుసార్లు పరిగెత్తి చూసేదాన్ని" అంది. నవ్వు అయ్యాక గొంతు తగ్గింది. "మా ఆయనా పొద్దున్నే పరుగుకి వెళ్లేవారు. ఇలాంటి ఉక్కపోత రోజునే ఒకసారి ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ లేవలేదు. ఏ దారిన వెళ్లొచ్చారో ఇప్పటికీ తెలీదు నాకు. ఆయన పోయాక పెళ్లిళ్లకి పిలవడం తగ్గించారు. నాకు ఎదురు పడితే ఆగిపోయేవాళ్లు చాలామందే ఉన్నారు. నువ్వు కొత్తేం కాదు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "మీ ఊళ్లో నీకెవరు ఎదురొచ్చేవారు? అమ్మా?"

"పక్కింటి పార్వతమ్మ."

"నాయనమ్మ లేదా?"

"ఉంది. తలుపు వెనక దాక్కునేది."

అన్నాక ఆ మాట కుసుమకే కొత్తగా వినిపించింది. పందేలకు బూట్లు కొనడానికి చెవి దుద్దులు తీసిచ్చింది నాయనమ్మ. కాళ్లకు నూనె రాసింది నాయనమ్మ. తలుపు సందులోంచి చూసిన ఆ ఒక్క కన్నే తనను అన్ని పందేలకూ పంపింది. గెలుపు మాత్రం పార్వతమ్మ బిందె ఖాతాలో పడింది. కుసుమ మంచం అంచు మీద తల పెట్టి ఏడ్చింది. వనజాక్షి ఆ తల మీద చెయ్యి వేసింది.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండా నిండిపోయింది. పిట్టలు కట్టుకున్నవాళ్లంతా వచ్చారు. ముసలివాళ్లు, కాలేజీ పిల్లలు, చంటిదాన్ని ఎత్తుకున్న ఒక తల్లి. రోజూ తమకు మంచి గాలి ఏరి పెట్టిందెవరో వాళ్లకూ అప్పుడే తెలిసింది. ఏమనాలో తెలియక పళ్లు తెచ్చారు. మంచం పక్కన బత్తాయిలు గుట్టపడ్డాయి.

"రేపటినుంచి పిట్టలన్నీ పడుకుంటాయి" అంది వనజాక్షి, క్షమించమన్నట్టు.

"నోట్లో పెట్టుకునే జాలీ ఒకటుంది కదా మేడమ్" అంది బ్లెస్సీ.

"ఉంది. ఒక్కరు పెట్టుకుంటే అది సరిగా చెప్పదు. చాలామంది, తలా ఒక సందు, తలా కొద్దిసేపు పరిగెడితే అన్నీ కలిపి చెబుతుంది. అప్పుడు ఎవరి ఊపిరికీ పెద్ద నష్టం ఉండదు."

"మరి ముందే ఎందుకు అడగలేదు?" అన్నారు తాతారావు మాస్టారు.

"ఏమని అడగను? రండి, కాస్త చెడ్డ గాలి పీల్చి వెళ్లండి అనా?"

అందరికన్నా వెనక నుంచి, గోడ చాటు నుంచి కుసుమ గొంతు వచ్చింది. "మా ఊళ్లో నాట్లకి బదులు పనికి ఎల్తారండీ. ఇవాళ వీళ్ల మడిలో, రేపు వాళ్ల మడిలో. ఎవరూ ఎవర్నీ అడగరు. వాళ్లు వొచ్చారు కాబట్టి మనం ఎల్తాం." అందరూ తన వైపు తిరిగేసరికి ఆమెకు చెవులు వేడెక్కాయి. "మీరు మా అందరి మళ్లలోకీ వొచ్చేశారు కదండీ ఇప్పటికే."

మాస్టారు అరచెయ్యి చాపారు. "బ్లెస్సీ, ఎక్కడుందమ్మా ఆ నోట్లోది? ఇలా తే."

ఆయన తర్వాత చంటిదాన్ని ఎత్తుకున్న తల్లి చెయ్యి చాపింది. ఆ తర్వాత ఎవరెవరో. కుసుమ కూడా మంచం దగ్గరికి వచ్చి చాపింది. వనజాక్షి ఆ చేతిని మూసి వెనక్కి తోసింది. "నీకు కాదు. పద్దెనిమిది నిండాక రా."

"అలాగైతే ఇంకోటి అడగనా మేడమ్? ఎంపికరోజు పొద్దున్న నాకు ఎదురొస్తారా?"

ఎంపిక రోజు నరసమ్మ ఇంటి ముందు ఆటో ఆగింది. బ్లెస్సీ చెయ్యి పట్టుకుని వనజాక్షి దిగింది. వీధి చివరికి వెళ్లింది. నీళ్ల సీసా రెండు చేతులతో పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ, దగ్గుతూ, ఎదురు నడిచింది. వీధిలో వాళ్లు చూస్తున్నారు. నరసమ్మ గుమ్మంలో కొంగు బిగించుకుని నిలబడింది. ఏదో అనబోయింది. వనజాక్షి మధ్యలో ఆగి గోడ పట్టుకునేసరికి ఆ అనబోయినది మరిచిపోయి గబగబా ఎదురెళ్లి చెయ్యి అందించింది. "మెల్లగా రండమ్మా. పిల్ల ఎక్కడికీ పోదు. మీరొచ్చేదాకా నిలబడతాది."

కుసుమ నిలబడింది. ఆ పూట దారి పొడుగునా పిట్ట చల్లగానే ఉంది. తెల్లారకముందే మాస్టారూ, మరికొందరూ ఆ దారులన్నీ పరిగెత్తి వచ్చి ఉన్నారు. మైదానంలో ఆమె మధ్యలో ఎక్కడా ఆగలేదు. సీటు వచ్చింది. సెలవులకి ఊరెళ్లినప్పుడు నాయనమ్మను తలుపు వెనక నుంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, వీధి చివరి నుంచి ఎదురు రప్పించుకుంది. ముసలామె అంత చిన్న వీధి నడవడానికి మూడుసార్లు కళ్లు తుడుచుకుంది.

పద్దెనిమిది నిండిన వారమే కుసుమ కొండవాలు మీది పరిశోధనశాలకి వెళ్లి చెయ్యి చాపింది. వనజాక్షి ఇప్పుడు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునే దారులు పంచుతోంది. ఊపిరి తక్కువే, మాట స్పష్టంగానే ఉంది. "ఏ సందు కావాలి?" అంది.

"ఐసు ఫ్యాక్టరీది."

మర్నాడు తెల్లవారుజామున కుసుమ ఆ సందులో పరిగెత్తింది. తీగల పొగ లేదు గాని గాలి బరువుగా, పుల్లగా ఉంది. తన వంతు పూర్తిచేసి మలుపు తిరిగేసరికి దగ్గు వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా ఒక పెద్దాయన కొత్త బూట్లతో పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. దగ్గే మనిషిని చూసి ఆయన ఠక్కున ఆగిపోయాడు. మొహం తిప్పుకున్నాడు. కల్వర్టు గోడ మీద కూర్చుని సీసా మూత తీసి నీళ్లు తాగాడు.

ఆయన మణికట్టు మీద పిట్ట కదలకుండా, చల్లగా కూర్చుని ఉంటుందని కుసుమకు తెలుసు. నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి పోయింది. ఆయన గుండె నిండా గాలి పీల్చి, లేచి, మళ్లీ పరుగు మొదలుపెట్టాడు. ఆ అడుగుల చప్పుడు వెనక మలుపులో కలిసిపోయేదాకా కుసుమ అక్కడే నిలబడి వింది.